పిల్లలతో హెబ్రిడీస్ సైకిల్ యాత్ర: ఫెర్రీలు, ఎదురుగాలి, అటుకుల పులిహోర

ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష అన్న బతుకు తమ ఒక్కరిదే అనుకుంటారు బ్రిటన్‌లో పెరిగే మన పిల్లలు. స్కాట్లండ్ పడమటి దీవులైన ఔటర్ హెబ్రిడీస్‌లో 2020 నుంచి ఒకటో తరగతిలో చేరే పిల్లలకు అక్కడి పాత భాష గేలిక్‌లో చదువే మామూలు పద్ధతి. ఇంగ్లీషు కావాలంటే తల్లిదండ్రులు అడగాలి. ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్ళండి. ఊరి బోర్డుల్ని పిల్లలే ఆగి చదువుతారు.

హెబ్రిడియన్ వే అనే ఈ సైకిల్ దారి వాటర్సే నుంచి లూయిస్ ఉత్తర కొస దాకా 297 కి.మీ. పది దీవులు, మధ్యలో రెండు ఫెర్రీలు. గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి దక్షిణం నుంచి ఉత్తరానికే తొక్కాలి. పదేళ్ళ పిల్లలకు రోజుకి 30 కి.మీ. చాలు. గాలి ఎదురు తిరిగితే అందులో సగమే సాగుతుంది.

అక్కడి ఫెర్రీ కంపెనీ కాల్‌మాక్ ఓడల్లో సైకిలుకు ఛార్జీ లేదు. స్కాట్లండ్ ప్రధాన భూభాగంలోని ఓబన్ రేవు నుంచి, దారి మొదలయ్యే చోటికి దగ్గరున్న కాసిల్‌బేకి వెళ్ళే పెద్ద ఓడలో ప్రయాణమంతా కార్ల డెక్ మూసేస్తారు. జాకెట్లు, వాంతుల మాత్రలు, తిండి డబ్బా ముందే పైకి తెచ్చుకోండి. ర్యాంపు మీద తడి ఇనుము జారుతుంది, దిగి నడిపించాల్సిందే. ఉప్పునీటి తుంపరకి చెయిన్ త్వరగా తుప్పు పడుతుంది, అందుకని రోజూ సాయంత్రం తుడిచి నూనె వేయాలి. పిల్లల చక్రాలకు సరిపోయే 20, 24 అంగుళాల ట్యూబులు అక్కడ దొరుకుతాయని నమ్ముకోవద్దు. సైకిలుకి రెండు చొప్పున పెట్టుకోండి.

దారి మధ్యలోని రెండు ఫెర్రీల్లో ఒకటైన బెర్నరే–లెవర్‌బర్గ్ ఫెర్రీ రాళ్ళ మధ్య వంకర టింకరగా పోతుంది. ఆటు మరీ దిగినా, గాలి పెరిగినా ఆగిపోవచ్చు. ఒక రోజు ఖాళీగా ఉంచుకోకపోతే బస బుకింగులన్నీ తలకిందులవుతాయి.

ఉత్తరాన ఉన్న హ్యారిస్, లూయిస్‌లలో ఆదివారం చాలా కొట్లు తెరవరు. శనివారమే సరుకు కొనాలి. మన తిండిలో అక్కడికి అన్నిటికన్నా పనికొచ్చేది అటుకుల పులిహోర. చింతపండు గుజ్జు ఇంట్లోనే పోపుతో, నూనె పైకి తేలేదాకా ఉడికించి సీసాకెత్తండి. మనిషికి 75 గ్రాముల మందపాటి అటుకులు చన్నీళ్ళలో కడిగి, వార్చి, పది నిమిషాలుంచి గుజ్జు కలపాలి. పల్చటివైతే ముద్దయిపోతాయి. స్టవ్ అక్కర్లేదు, ఆ గాలికి మంట ఎలాగూ నిలవదు. కలిపే పని పిల్లలకే అప్పగించండి.

తిరుగు ఫెర్రీ లూయిస్‌లోని స్టోర్నోవే నుంచి ప్రధాన భూభాగంలోని అల్లాపూల్‌కి. అల్లాపూల్‌లో రైలు స్టేషను లేదు. రైలు దొరికే ఇన్వర్నెస్ నగరం ఇంకా 90 కి.మీ. పైమాటే. సైకిళ్ళు ఎక్కించుకునే బస్సో వ్యానో ముందే మాట్లాడుకోండి.