ఈథర్ ఆవిరైపోయింది, నింద నా మీద పడింది

నిన్ననే ఎం.టెక్ ప్రాజెక్టు వైవా అయిపోయింది. కడుపులో ఉన్నది చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

డీజిల్‌లో డైఇథైల్ ఈథర్ అనే, ఇట్టే ఆవిరైపోయే ద్రవం కలిపితే పొగ ఎంత తగ్గుతుందో చూడటం నా పని. మా నాన్న దామలచెరువు నుంచి చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయ తోలే లారీ డ్రైవరు. ఆ పొగ పీలుస్తూ పెరిగినవాణ్ని కాబట్టే ఈ టాపిక్ పట్టుబట్టి తీసుకున్నాను. ఇంజెక్టర్ చిమ్మిన డీజిల్ నడిమధ్యకు గాలి అందదు, అక్కడే మసి పుడుతుంది. ఈథర్ బరువులో 21 శాతానికి పైగా ఆక్సిజనే, గాలి చేరని చోటికి అదే మోసుకుపోతుంది. ఇంజిన్‌లో ఇంధనం ఎంత తొందరగా అంటుకుంటుందో చెప్పే సీటేన్ సంఖ్య కూడా దీనికి 125 దాటుతుంది. బంకు డీజిల్‌కు ఉండాల్సింది 51.

గైడ్, టాపిక్, చదువుకోవడం అన్నీ సాఫీగానే జరిగాయి. ఈథర్ కొనడానికి ఒక్క సంతకం కోసం మాత్రం ఆఫీసు వాళ్లు పదకొండు రోజులు తిప్పారు. జూనియర్లూ, ఫోన్లు చేస్తూ కూర్చోకండి. వెళ్లి ఎదురుగా నిలబడండి.

మే నెలలో రీడింగులు మొదలుపెట్టాను. తిరుపతి ఎండ తెలిసిందే. 15 శాతం కలిపిన డీజిల్‌తో పొద్దున పొగ బాగా తగ్గేది. అదే సీసాలోది మధ్యాహ్నం పోస్తే మామూలు డీజిల్‌కూ దానికీ తేడా ఉండేది కాదు. పైపులో బుడగలు, ఇంజిన్ ఎగిరెగిరి పడేది. మూడు రోజులకు మూడు రకాల పట్టికలు. రివ్యూలో ఎక్స్‌టర్నల్ సార్ వాటిని తిప్పి చూసి, "ఇంట్లో కూర్చుని రాసుకొచ్చావా?" అన్నారు. వెనక బెంచీల్లో జూనియర్లు ఉన్నారు. నోట మాట రాలేదు. ఆ రాత్రి అన్నం దిగలేదు. తప్పు చూపిస్తే దిద్దుకుంటాం, దొంగ అంటే ఏం దిద్దుకోవాలి? పెద్దవాళ్లు ఆ మాట అనేముందు ఒక్కసారి ల్యాబులోకి వచ్చి చూడాలి.

మర్నాడు ల్యాబ్ అన్న కొలజాడీలో ఈథర్ పోసి కిటికీ దగ్గర పెట్టాడు. "యాడికి పోతా ఉండాదో చూడు నాయనా" అన్నాడు. చూస్తుండగానే గీత కిందికి జారింది. జాడీని పట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి. ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. ఆ అంకె నా రిపోర్టులో నేనే రాశాను, ఎండతో కలిపి మాత్రం ఆలోచించలేదు.

ఇక రోజూ తెల్లవారుజామున ఐదింటికే ల్యాబు. చెరకురసం బండాయన దగ్గర ముందురోజు తెచ్చి రంపపు పొట్టులో దాచిన ఐసు, అందులో బిగించిన సీసా, పైపు చుట్టూ తడి గోనె. ఎప్పటికప్పుడు కొంచెమే కలిపేవాణ్ని. ఐదు రోజులు వరసగా ఒకే రీడింగులు వచ్చాయి. 10 శాతం దగ్గర పొగ అన్నిటికన్నా తక్కువ. మా ల్యాబులో అంత నిలకడైన గ్రాఫు ఈ ఏడాది ఇంకెవరిదీ లేదు, గట్టిగా చెప్పగలను.

ఎండాకాలంలో చేసేవాళ్లు ఈథర్ బదులు డైమిథైల్ కార్బొనేట్ అనే ద్రవం తీసుకోండి. 90 డిగ్రీల దాకా మరగదు, ఆక్సిజన్ 53 శాతం. ఈథరే కావాలంటే దాని ఆవిరి నేలబారున పాకుతుంది, దగ్గర్లో నిప్పురవ్వ ఉండకూడదు. తెరిచిన సీసా నెలల తరబడి దాచొద్దు, పేలే పెరాక్సైడ్లు చేరతాయి.

నిన్న వైవాకూ ఆ సారే వచ్చారు. పొద్దుటి గ్రాఫు, మధ్యాహ్నపు గ్రాఫు పక్కపక్కన పెట్టాను. చాలాసేపు చూసి, "ఐదింటికే వచ్చేవాడివా?" అని అడిగి సంతకం పెట్టారు. ఆ రోజు అన్న మాట ఊసెత్తలేదు.