సంతకం లేని అర్జీలు

సైనికుల మనోధైర్యం అనగానే ఉపన్యాసాలు, పతకాలు, జెండాలు గుర్తుకు వస్తాయి గానీ, సైనిక చరిత్ర చదివేకొద్దీ సెలవు చీటీ, రేషన్ తూకం, జీతం పుస్తకం వాటికంటే గట్టివని నాకు అనిపిస్తోంది.

1797 తొలి నెలల్లో బ్రిటిష్ చానల్ నౌకాదళ నావికులు తమ దళాధిపతి అడ్మిరల్ హౌకు అర్జీలు పంపారు. వారి జీతం 1658 తర్వాత పెరగలేదు. పౌండుకు పదహారు ఔన్సులు తూచవలసిన ఆహారాన్ని తరుగు పేరిట పద్నాలుగు ఔన్సులే తూచేవారు; గాయపడినవాడికి కోలుకునేదాకా జీతం ఉండేది కాదు. అర్జీల మీద సంతకాలు లేకపోవడం, రాత ఒకే తీరుగా ఉండడం చూసి, ఇదెవరో ఒక్కడి దుగ్ధ అని పైవాళ్లు పక్కన పెట్టేశారు. పేరు పెడితే ప్రాణానికే ముప్పు వచ్చే చోట సంతకం ఎవరు పెడతారన్న ఆలోచన వారికి రాకపోవడమే విచిత్రం.

ఏప్రిల్ 16న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని స్పిట్‌హెడ్ వద్ద, బయలుదేరమని ఆజ్ఞ వచ్చినా నావికులు ఓడలను కదల్చలేదు. అయినా మిగతా విషయాల్లో వారు క్రమశిక్షణ తప్పలేదు సరికదా, ఫ్రెంచి నౌకాదళం బయటికి వస్తే తామూ బయలుదేరతామని చెప్పారు. జీతాల పెంపుకు మాట ఇచ్చినా ఆలస్యం వల్ల అనుమానం ముదిరింది. చివరికి మే నెలలో, డెబ్బై ఒక్కేళ్ల వయసులో, అదే హౌ పడవలో ఓడ ఓడకూ తిరిగి వారి మాట విన్నాడు. రాజు క్షమాభిక్ష ఇచ్చాడు. నావికులు వద్దన్న అధికారుల్లో చాలామందిని ఓడల నుంచి తప్పించారు. నా దృష్టిలో అన్నిటికంటే కీలకమైనది ఇదే, ఎందుకంటే ఫిర్యాదు ఎవరి మీదో వారి చేతుల మీదుగానే పైకి వెళ్లాలంటే అది ఎన్నటికీ పైకి చేరదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, ఫ్రెంచి జనరల్ నివెల్ చేయించిన భారీ దాడి విఫలమయ్యాక ఫ్రెంచి దళాలు కందకాలను కాపాడతాం గానీ వృథా దాడులకు వెళ్లబోమని మొండికేసినప్పుడు, కొత్తగా వచ్చిన సేనాధిపతి పెటాన్ (తరువాతి కాలంలో నాజీ జర్మనీతో చేతులు కలిపి ఆయన మూటగట్టుకున్న అపకీర్తి వేరే కథ) దళాల దగ్గరికి స్వయంగా వెళ్లాడు. నాలుగు నెలలకు ఏడు రోజుల సెలవును ఖాయం చేశాడు, భోజనమూ విశ్రాంతీ మెరుగుపరిచాడు, భారీ దాడులు ఆపాడు. మరణశిక్షలూ పడ్డాయి, కానీ వాటిలో అత్యధికం అమలు కాలేదు. ఆ అక్టోబరులో పరిమిత లక్ష్యంతో లా మల్మెజోన్ వద్ద చేసిన దాడిలో అదే సైన్యం గెలిచింది.

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోరాడిన బ్రిటిష్ జనరల్ స్లిమ్ పద్ధతి మరీ సూటిది. ముందు వరుసలోని దళాలకు సగం రేషనే అందినప్పుడు ఆయన తన ప్రధాన కార్యాలయానికీ సగం రేషనే ఇప్పించేవాడు. దాంతో ఆకలి ఎక్కువగా ఉండే కుర్ర స్టాఫ్ అధికారులకు ఆ సరఫరా ఎంత అత్యవసరమో వేరే చెప్పవలసిన పని ఉండేది కాదు.