ఇంపెల్లర్ పోత: ఐదో షెల్ పగల్లేదు

మా బాయి మోటారుకు గన్‌మెటల్ (రాగి, తగరం, జింకు కలిసిన లోహం) ఇంపెల్లర్‌ను, అంటే నీళ్లను తోసే రెక్కల చక్రాన్ని, ఇంట్లోనే మైనం పోతలో తియ్యాలని ఉగాదికి మొదలుపెట్టిన. మైనంతో నమూనా చేసి, దానిమీద పూతలు పూసి షెల్ కడతం, మైనాన్ని కరిగించి తీసి ఆ ఖాళీలో లోహం పోస్తం. నాలుగు సిరామిక్ షెల్లు పగిలినయి. దసరా తర్వాత చేసిన ఐదోది నిలిచింది. లోహం పోసుడు ఒక్క పూట పని. షెల్ ఆరబెట్టుడే నాకు ఏడు నెలలు నేర్పింది.

మొదటి రెండు ఏప్రిల్‌లో పోయినయి. నల్లగొండలో పగలు 43 డిగ్రీలు, తెల్లారుజామున చల్లగా. ఆ తేడాకు లోపలి మైనం ఉబ్బుతది, పైపూత అంత ఉబ్బదు. రెక్కల అంచుల్లో వెంట్రుకంత చీలికలు పడ్డయి. కూలర్ పెడితే చెమ్మ పెరిగింది. కింది పూత ఆరకముందే పైపూత వేస్తే రెండూ కలిసి ఊడినయి. ఇప్పుడు కిటికీ లేని నడిమింట్లో, ఫ్యాన్ గాలికి, 26-28 డిగ్రీల దగ్గర ఆరబెడుతున్న. ఒక్కో పూతకు ఆరేడు గంటలు, ఆఖరిదానికి రెండు రోజులు. రెక్కల సందులు అన్నిటికన్నా ఆలస్యంగా ఆరుతయి, చూడాల్సింది అక్కడే.

మూడోదాన్ని ఇసుక చెడగొట్టింది. బయటి పూతల మీద చల్లడానికి మూసీ ఇసుక జల్లెడ పట్టి వాడిన. అందులో క్వార్ట్జ్, అంటే స్ఫటిక రూపంలో ఉండే సిలికా, ఎక్కువ. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ స్ఫటికం రూపు మారి ఒక్కసారే ఉబ్బుతది. కొలిమిలోంచి తీసేసరికి చుట్టూ పగుళ్లే. ఫ్యూజ్డ్ సిలికా కూడా సిలికానే, కానీ కరిగించి గాజులెక్క చేసింది కాబట్టి వేడికి దాదాపు ఉబ్బదు. అది కొనుడు నాకు బరువైంది. అందుకే పాత ఫైర్‌బ్రిక్కులు (వేడికి ఓర్చే కొలిమి ఇటుకలు) దంచి, రవ్వంత సైజుకు జల్లెడ పట్టిన. దంచేటప్పుడు నీళ్లు చల్లాలె, మాస్కు తప్పదు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు.

లోపలి రెండు పూతల దగ్గర మాత్రం పొదుపు చేయలే. పోత నునుపంతా వాటిదే. అర కిలో కొల్లాయిడల్ సిలికాకు (అతి సన్నటి సిలికా కలిసిన నీళ్లు, పూతకు జిగురు ఇదే) కిలో ఏడువందల గ్రాముల జిర్కాన్ పిండి (వేడికి ఓర్చే ఖనిజం పొడి), గిన్నెలు తోమే లిక్విడ్ మూడు చుక్కలు. నురగ పోయేదాకా రాత్రంతా మెల్లగా కలిపిన. మైనాన్ని ముందు స్పిరిట్‌తో తుడవకుంటే పూత పట్టదు, చుక్కలుగా విడిపోతది. వీటిమీద ఐదు బయటి పూతలు.

నాలుగోదాన్ని చల్లటి కొలిమిలో పెట్టి మెల్లగా వేడి చేయడం నా తప్పు. మైనం కరగకముందే ఉబ్బి షెల్‌ను చీల్చింది. ఈసారి 850 డిగ్రీల కొలిమిలో ఒక్కసారే బోర్లించిన. షెల్‌ను ఆనుకున్న మైనం ముందు కరిగి జారింది, మిగిలినదానికి ఉబ్బే జాగ దొరికింది. మంటలు మూరెడు లేస్తయి. ఆరుబయటే చేయాలె, ఆర్పడానికి ఇసుక పెట్టుకోవాలె, నీళ్లు పోయొద్దు.

తర్వాత 950 దగ్గర గంటసేపు కాల్చి, వేడి షెల్‌లోనే 1130 డిగ్రీల గన్‌మెటల్ పోసిన. మూడు మిల్లీమీటర్ల రెక్కలు నిండినయి. ఒక్క రెక్క కొస మాత్రం గోరంత తక్కువొచ్చింది, దానికి గాలి పోయే దారి పెట్టలే. ఆరో షెల్‌కు ప్రతి రెక్క కొసకూ సన్నటి మైనపు పుల్ల అతికిస్తున్న. యాసంగి నాట్లలోపు అదే మోటారుకెక్కాలె.