విశాఖలో టైరు కొనేటప్పుడు ముందు వానని తలుచుకోండి

టైర్ల షాపులో అందరూ ముందు అడిగేది "ఎన్ని వేల కిలోమీటర్లు వస్తాయి?" అనే. మన ఊళ్లో అది రెండో ప్రశ్న కావాలి. ఎక్కువ దూరం నడవాలని చేసిన టైర్లలో రబ్బరు సాధారణంగా గట్టిగా ఉంటుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. జూన్‌లో మొదలైన వానలు ఇక్కడ నవంబరు తుపాన్లు దాటేదాకా వదలవు. అందుకే కొన్ని వేల కిలోమీటర్లు తగ్గినా పర్వాలేదు, తడిలో బాగా ఆగే టైరే తీసుకోమంటాను.

టైరు గాడి అడుగున అడ్డంగా కనిపించే చిన్న రబ్బరు దిమ్మ ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. అరుగుదల అక్కడికి వచ్చిందంటే టైరు పని అయిపోయినట్టే. కానీ వానలో నీళ్లని పక్కకి తోసే శక్తి అంతకంటే చాలా ముందే పోతుంది. గాడి లోతు 3 మిల్లీమీటర్లకి వచ్చిన టైర్లని జూన్‌కి ముందే మార్చెయ్యండి.

సైజు సంగతి. 185/65 ఆర్15 88హెచ్ అని ఉంటే 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుందని, హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. ఈ రెండూ బండి కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. వెడల్పు పెంచాలనుకుంటే 195/60 ఆర్15కీ దీనికీ మొత్తం ఎత్తులో ఒక్క శాతమే తేడా, స్పీడోమీటరు దాదాపు సరిగ్గానే చూపిస్తుంది. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరస చివర 3224 అని ఉంటే 2024లో 32వ వారం తయారైందని అర్థం. ఏడాది దాటిన సరుకుని కొత్త ధరకి తీసుకోకండి.

రెండే కొత్తవి వేయిస్తే వెనక చక్రాలకే వేయించండి. ముందు చక్రాలతో నడిచే బండికైనా ఇదే పద్ధతి. అనంతగిరి ఘాట్ దిగుతూ మలుపులో బ్రేకు తొక్కితే బరువంతా ముందుకి పోయి వెనక భాగం తేలికవుతుంది. అక్కడ అరిగిన టైర్లుంటే తడిలో తోక తిరిగిపోతుంది. ముందు టైర్లు జారితే వేగం తగ్గించి బండిని నిలబెట్టుకోవచ్చు, వెనకవి జారితే స్టీరింగుతో పట్టుకోవడం చాలా కష్టం. షాపువాళ్లు అలవాటుగా కొత్తవి ముందుకే బిగిస్తారు, దగ్గరుండి చెప్పాలి.

సముద్రపు గాలి దెబ్బ రిమ్ముల మీద పడుతుంది. ఇనుప రిమ్ముకి టైరు అంచు ఆనే చోట తుప్పు పొరలుగా లేస్తుంది, అందులోంచి గాలి మెల్లగా పోతుంది. పంక్చరు ఎంత వెతికినా దొరకదు. పాత టైరు తీసినప్పుడే ఆ అంచుని వైరు బ్రష్‌తో రుద్దించి, సీలెంటు రాయించి, వాల్వులు కొత్తవి వేయించండి. వాల్వు ఖరీదు టైరు ధరలో లెక్కలోకే రాదు. అలాయ్ చక్రాల్లోనూ పెయింటు లేచిన చోట తెల్లటి పొడి కడుతుంది, అదీ చూడండి.

ఆల్ టెరైన్ టైర్లు, అంటే రోడ్డు మీదా మట్టి మీదా నడిచేలా చేసినవి, ఏజెన్సీలో మట్టిరోడ్ల మీద తిరిగేవాళ్లకి మంచివే. జాతీయ రహదారి 16 మీదా, గాజువాక ట్రాఫిక్‌లోనూ నడిచే బండికి మోత పెరుగుతుంది, తడిలో ఆగే దూరం కూడా పెరుగుతుంది. భీమిలి బీచ్ రోడ్డు మీదకి కొట్టుకొచ్చిన ఇసుకకి మాత్రం ఏ టైరూ మందు కాదు, నెమ్మదిగా పోవాల్సిందే.

గాలి ఎంతో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. ఘాట్ దిగాక వేడి మీద రీడింగు ఎక్కువ చూపిస్తే గాలి తీసేయకండి. బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు బిగించిన రోజే అవ్వాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగుతు చూపించండి, స్టెప్నీ తేదీ కూడా అప్పుడే చదివి పెట్టుకోండి.