కాశీ టమాటా చాట్, మా ఇంటి పద్ధతిలో

కాశీకి వెళ్లింది అత్తయ్య కోసం. అక్కడ తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలన్నది ఆవిడ ఎన్నాళ్ల కోరికో. మానస సరోవర్ ఘాట్ దగ్గరున్న ఆంధ్రా ఆశ్రమంలో దిగాం. పొద్దున గంగ స్నానం, విశ్వనాథుడు, అన్నపూర్ణ దర్శనం, మధ్యాహ్నం మన భోజనం. అత్తయ్యకు ఏ లోటూ లేదు. నాకే సాయంత్రమయ్యేసరికి కాళ్లు గొదౌలియా బజారు వైపు లాగేవి.

అక్కడే తిన్నాను టమాటా చాట్. చాట్ అంటే మనకు పానీపూరీ, పాప్డీ గుర్తొస్తాయి కదా, ఇది అలాంటిది కాదు. పెద్ద పెనం మీద నెయ్యిలో టమాటాలు ముద్దగా మగ్గుతుంటాయి. అందులో ఉడికిన బంగాళాదుంప, అల్లం, పచ్చిమిర్చి, మసాలా వేసి గరిటెతో నొక్కి నొక్కి కలుపుతారు. వేడివేడిగా దొన్నెలో వేసి, పైన జీలకర్ర వాసనొచ్చే పల్చటి పంచదార పాకం, నిమ్మరసం, కొత్తిమీర, నలిపిన మైదా ఉప్పు బిళ్లలు. పులుపు, తీపి, కారం ఒకేసారి తగులుతాయి.

అక్కడ తిన్నవన్నీ ఇంటికి రావు. మలైయో ఉంది చూడండి, చలికాలం పొద్దున్నే అమ్మే పాల నురగ. మరిగించిన పాలను రాత్రంతా మంచులో ఆరుబయట ఉంచి, తెల్లవారుజామున చిలికి ఆ నురగ తీస్తారు. కుంకుమపువ్వు, యాలకులు వేసి మట్టి ముంతలో ఇస్తారు. మన ఊళ్ల చలికి అది అయ్యే పని కాదు, ఫ్రిజ్‌తో చేసే ప్రయోగాల మీద నాకు నమ్మకమూ లేదు. చాట్ అలా కాదు, దానికి కావలసినవన్నీ మన వంటింట్లోనే ఉంటాయి.

నలుగురికి ఆరు నాటు టమాటాలు. హైబ్రిడ్‌వి పులవవు, వాటితో చేస్తే కూరలా ఉంటుంది. రెండు చెంచాల నెయ్యిలో ఇంగువ, జీలకర్ర, అల్లం, పచ్చిమిర్చి వేగాక టమాటా ముక్కలు, ఉప్పు వేసి నెయ్యి పైకి తేలేదాకా మగ్గనివ్వాలి. ఇక్కడ తొందరపడితే పచ్చి వాసన పోదు. తర్వాత ఉడికించిన రెండు దుంపలు చిదిమి వేసి, చాట్ మసాలా, కొంచెం నల్ల ఉప్పు, నానబెట్టి నూరిన జీడిపప్పు కలపాలి. పావు కప్పు పంచదార, పావు కప్పు నీళ్లు మరిగించి, వేయించిన జీలకర్ర పొడి వేస్తే పాకం సిద్ధం. తీగ పాకం రానక్కర్లేదు. ఉప్పు బిళ్లల బదులు నేను కారప్పూస చల్లుతాను.

ఒక్క చిక్కు వచ్చింది. కాశీకి వెళ్తే ఒక కాయ, ఒక పండు వదిలి రావాలంటారు. చాలామంది తెలివిగా కాకరకాయ వదిలేస్తారు. మా అత్తయ్య మాత్రం, "ఇష్టం లేనిది వదిలితే అదేం వదలడం?" అని బంగాళాదుంప వదిలేశారు. అందుకని ఆవిడ వాటాకు అరటికాయ. తొక్కతోనే ఉడికించి, పూర్తిగా మెత్తబడక ముందే దించి తురమాలి. దుంప కంటే పొడిగా ఉంటుంది కాబట్టి మరో చెంచా నెయ్యి, కాసిని వేడినీళ్లు పడతాయి. అత్తయ్యకు షుగర్ కూడా ఉంది, పాకం వేయను. అయినా గిన్నె ముందుకు జరిపి, "దుంప వదిలాను గానీ చాట్ వదల్లేదుగా, ఇంకొంచెం వెయ్యి" అంటారు.