ఈ ఏప్రిల్లో రాజీనామా ఇవ్వాలా?

ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానంటే మా అత్తమ్మ "పిల్లలతో విసిగిపోయావా?" అని అడిగింది. పిల్లలతో కాదు. హనుమకొండలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్తాను. క్లాసులో ఉన్నంతసేపూ నాకు అలసట తెలియదు. నన్ను అలసిపోయేలా చేసేదంతా క్లాసు బయటే ఉంది.

ఉన్న ఒక్క లీజర్ పీరియడూ సబ్‌స్టిట్యూషన్‌కి, అంటే రాని టీచర్ల క్లాసులు చూడడానికి పోతుంది. నోట్‌బుక్కులు ఇంటికి మోసుకొచ్చి దిద్దాలి. వంట చేసుకుంటుంటే వాట్సాప్‌లో పేరెంట్స్ మెసేజ్‌లు. వీటన్నిటినీ ఎలాగో ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది అడ్మిషన్ల పని. మే నెల ఎండలో పాంప్లెట్లు పట్టుకుని కాలనీల్లో ఇల్లిల్లూ తిరగాలి. ఎవరు ఎంతమందిని చేర్పించారో మీటింగులో అందరి ముందూ చదువుతారు. టార్గెట్ రాని వాళ్ల జీతం ఆగుతుంది. బీఈడీ చేసి, టెట్ పాసైంది ఇందుకా అని ఏడుపొస్తుంది.

బర్నౌట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. అయితే జబ్బుగా కాదు, ఉద్యోగంలో తీరని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా. దానికి మూడు లక్షణాలు చెప్పింది: సత్తువ పూర్తిగా అయిపోవడం, పని మీద విరక్తి, చేసే పని సరిగా చేయలేకపోతున్నామన్న భావన. మొదటి రెండూ నాకున్నాయి. ఆదివారం సాయంత్రమైతే చాలు, గుండె బరువెక్కుతుంది.

మూడోది మాత్రం లేదు. మొన్న ఎనిమిదో తరగతిలో సగం మంది (a+b)² అంటే a²+b² అని రాశారు. సూత్రం మళ్లీ చెప్పలేదు. బోర్డు మీద పెద్ద చతురస్రం గీసి, భుజాన్ని a, bలుగా విడగొట్టి, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీత గీశాను. a², b² పోగా ఇంకా రెండు దీర్ఘచతురస్రాలు మిగిలాయి. వాటి వైశాల్యం ఎంతని అడిగాను. ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ అమ్మాయి "రెండు ab, టీచర్! అదే మనం వదిలేసింది" అని అరిచింది. ఈ పని నాకు వచ్చు. బాగా వచ్చు. అందుకే వదలడం ఇంత కష్టంగా ఉంది.

లాక్‌డౌన్ తర్వాత నాతో పనిచేసిన చాలామంది మళ్లీ బడికి రాలేదు. 2021 ఏప్రిల్లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ ఆసరా నిజంగా ఆదుకుంది. కానీ చదువు చెప్పేవాళ్ల బతుకు ఎంత పలచనిదో నాకు అప్పుడే తెలిసింది.

ఇంట్లోవాళ్లు మళ్లీ డీఎస్సీ రాయమంటారు. 2024లో 11,062 పోస్టులు పడ్డాయి, రాశాను, రాలేదు. రాత్రి పది దాకా బడి పనే ఉంటే ఎప్పుడు చదవాలి? ఇంకో దారి కూడా ఉంది. హైదరాబాద్‌లో ఒక ఆన్‌లైన్ కోచింగ్ వాళ్లకు లెక్కల సొల్యూషన్లు రాసే పని. ఇంటి నుంచే చేయొచ్చు. జీతం దాదాపు ఇంతే. సాయంత్రాలు మాత్రం నావి అవుతాయి, నలుగురు పిల్లలకు ట్యూషన్ చెప్పుకోవచ్చు.

ఈ వారం మేనేజ్‌మెంట్‌ని ఒక్కటే అడుగుతాను: అడ్మిషన్లకు నన్ను పంపొద్దు, కావాలంటే టెన్త్ పిల్లలకు సాయంత్రం అదనంగా క్లాసు తీసుకుంటాను. ఒప్పుకుంటే ఇంకో ఏడాది ఉంటాను. ఒప్పుకోకపోతే ఏప్రిల్లోనే కాగితం ఇచ్చేస్తాను, జూన్‌లో బడి తెరిచేలోపు వాళ్లు ఇంకో లెక్కల టీచర్‌ని చూసుకోవాలి కదా.