మా గట్టుకి అటూ ఇటూ

మాది బాపట్ల వైపు. మూడేళ్ల కింద మా నాన్న మూడెకరాల్లో ఒక ఎకరం ప్రకృతి వ్యవసాయానికి వదిలారు, మిగతా రెండూ మామూలే, యూరియా, డీఏపీ, మందులు. మధ్యలో గట్టు ఒక్కటే అడ్డం. కాలవ అదే, విత్తనం అదే, మనందరం సాంబ మసూరి అని తినే బీపీటీ 5204.

మొదటి ఏడు దిగుబడి తగ్గింది, దాచడం ఎందుకు. యూరియా మడి నల్లగా నిగనిగలాడుతుంటే ఇటువైపు పైరు జబ్బు చేసినట్టు పాలిపోయి ఉండేది. బాబాయి గట్టు మీద నిలబడి "అన్నయ్యా, ఇంకా మించిపోలేదు, అరబస్తా చల్లెయ్" అన్నాడు. నాన్న చల్లలేదు గానీ ఆ వారమంతా ఇంట్లో ఒకటే టెన్షన్.

యూరియా బదులు వాడే జీవామృతం చేయడం తేలికని చెప్పేవాళ్లు ఒకసారి మా ఇంటికి రండి. 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు వేసి రోజూ రెండు పూటలా కర్రతో తిప్పాలి, రెండో రోజుకి పైన నురగ కట్టి పులిసిన వాసన వస్తుంది, తర్వాత గుడ్డలో వడగట్టాలి, లేకపోతే స్ప్రేయర్ పూడుకుపోతుంది. ఇదంతా చేసేది అమ్మ. పెట్టుబడి తగ్గిందని నాన్న లెక్క చెప్తారు, అందులో అమ్మ కూలి ఉండదు. అది కూడా వేసి చెప్పండి అని నేను ప్రతిసారీ అంటూనే ఉంటా.

నా మనసు మార్చింది మాత్రం రెండో ఏడు వచ్చిన సుడిదోమ, వరి దుబ్బుల మొదట్లో చేరి రసం పీల్చి మడిని మాడ్చేసే పురుగు. నత్రజని ఎక్కువైన పైరు ఏపుగా, మెత్తగా పెరుగుతుంది, దోమకి కావలసింది అదే. మందు కొడితే దోమతో పాటు దాన్ని తినే సాలీళ్లూ పోతాయి, గుడ్లలోంచి కొత్త దోమ వచ్చేసరికి ఆపేవాడు ఉండడు, మళ్లీ మందు. మా ఎకరంలో పొద్దున్నే వెళ్తే దుబ్బు దుబ్బుకీ సాలెగూడు, మంచుకి తడిసి తెల్లగా కనిపించేది. దోమ అక్కడా పడింది, కానీ మడి మాడిపోలేదు. పైరులో గాలి ఆడేలా రెండు మీటర్లకో కాలిబాట తీయడం కూడా సాయపడింది, దానికి పైసా ఖర్చు లేదు, ఏ పద్ధతిలో పండించినా తీయొచ్చు.

అలాగని ప్రకృతి వ్యవసాయం అన్నిటికీ మందు అనను. నీళ్లు నిలబెట్టిన వరి మడిలోంచి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వస్తుంది, పేడ వేసినా యూరియా వేసినా. అది తగ్గాలంటే మడిని మధ్యమధ్యలో ఆరబెట్టి తడపాలి, కాలవ చివర ఉన్న మాకు నీళ్లు అడిగినప్పుడు రావు, అందుకని వచ్చినప్పుడే నింపి పెట్టుకుంటాం. ఇక రాత్రికి రాత్రి అందరినీ మార్చేద్దాం అనేవాళ్లు శ్రీలంకని చూడాలి. 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేశారు, నవంబరుకల్లా వెనక్కి తగ్గారు, అయినా వరి దిగుబడి పడిపోయింది. యూరియాకి అలవాటు పడిన నేలకి కొన్నేళ్లు టైం ఇవ్వాలి, ఆ కొన్నేళ్ల నష్టం ఒక్క రైతు నెత్తినే వేస్తే ఎవరు మారతారు? మా వడ్లకి మిల్లులో పైసా ఎక్కువ ఇవ్వలేదు, మిగతా రెండు ఎకరాల వడ్లతో కలిపే తూకం వేశారు.

ఈ వేసవిలో నాన్న రెండో ఎకరంలో కూడా జీలుగ చల్లారు, నేలకి పచ్చిరొట్ట ఎరువుగా పూతకొచ్చాక కలియదున్నుతారట. మూడో ఎకరం సంగతి అడిగితే "దాన్ని ఇప్పుడే ముట్టుకోను" అన్నారు.